బంగారు పరిగె

మట్టిలోంచి బంగారం తీసే పనికి మన దగ్గర కొత్త మాటలేవీ అక్కర్లేదు. వడ్లకూ బియ్యానికీ వాడే మాటలే చాలు. జల్లించడం, చెరగడం, నేమడం, తూర్పారపట్టడం, గాలించడం. జల్లెడలో బెడ్డలు పైన ఆగుతాయి. చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. నేమితే రాళ్ళు ఒక పక్కకు చేరతాయి. తూర్పారపడితే గాలి తన వంతు తీసుకుంటుంది. గాలిస్తే బరువైనది అడుగున నిలుస్తుంది.

తేడా ఒక్కటే. బియ్యం పనిలో మనకు కావలసిన గింజ రాయి కన్నా తేలిక. బంగారం పనిలో కావలసింది అన్నిటికన్నా బరువు. ఇసుక నీళ్ళ కన్నా రెండున్నర రెట్లు బరువైతే బంగారం 19 రెట్లు. బియ్యం గాలించాక గిన్నె అడుగున చారెడు రాళ్ళు మిగిలితే చూడకుండా పారబోస్తాం కదా, బంగారం పని చేసేవాళ్ళు ఆ చారెడు కోసమే మిగతాదంతా పారబోస్తారు.

నేను కోరుట్లలో అవుసుల ఇంట్లో పుట్టాను. ఊడ్చిన చెత్త బయట పారేయని ఇల్లు మాది. బాపు పనిచేసే మడిగె ఇంటికి రెండు సందుల అవతల ఉండేది. అద్దె మడిగె, మట్టి నేల. పొద్దంతా ఆకురాయితో రాస్తుంటే రజను రాలుతుంది. ఒడిలో పరిచిన గుడ్డ మీద పడింది కుంచెతో ఎత్తి డబ్బీలో వేస్తాడు. గుడ్డ దాటి పడింది నేల మీదికి పోతుంది. సాయంత్రం మా అవ్వ వెళ్ళి ఆ నేల ఊడ్చేది. దానికి వేరే చీపురు. ఊడ్చిన దుమ్ము ఒక కాగులోకి, కుంపటి బూడిద ఇంకో కాగులోకి. ఏడాదికి ఆ చీపురు కూడా అరిగిపోతే దాన్ని కాల్చి బూడిద కాగులోనే కలిపేది. ఆదివారం బాపు తలస్నానం నీళ్ళు బేసిన్‌లో పట్టి ఒక పూట కదలకుండా ఉంచి, పైనీళ్ళు వంపి, అడుగున మిగిలిన మడ్డిని ఎండబెట్టేది. మిగతా ఇళ్ళల్లో నాయినల తలలు ఇలా కడగరని నాకు తెలిసేసరికి బడికి పోతున్నాను.

దసరాకు ముందు మట్టి కడిగేవాళ్ళు వచ్చేవాళ్ళు. రెండు రకాల బేరం. గుత్తకు కొనుక్కుపోతే ఎంత వచ్చినా, రాకపోయినా వాళ్ళదే. సగపాలంటే మన కళ్ళముందే కడిగి, వచ్చినదాంట్లో సగం ఇస్తారు. అవ్వ ఎప్పుడూ సగపాలే అడిగేది. ఆ డబ్బు బాపు చేతికి ఇచ్చేది కాదు. పండగ బట్టలు అందులోంచే. మా ఇంట్లో దాని పేరు ‘ఊడ్పు పైసలు’.

ఊర్లో పరిగె ఎవరిదో అందరికీ తెలుసు. కోత అయ్యాక పొలంలో రాలిన కంకులు ఏరుకునే హక్కు వంగి ఏరుకునేవాళ్ళది. పొలం ఎవరిదని అడగరు. అవుసుల మడిగెలో రాలిన రజనుకూ అదే న్యాయం అని బాపమ్మ అనేది. ‘మొగోడు కూసుండి రాల్చింది, ఆడిది వంగి ఎత్తింది. ఎత్తినోళ్ళదే.’

*

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు నేలలో బంగారం పుట్టదు. నిజాం రాజ్యంలో పేరున్న బంగారు గని హట్టి. రాష్ట్రాలు మారి అది కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో తేలింది. మా బంగారం దుబాయి నుంచి దిగేది. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చినాయన మెడలో గొలుసు వేసుకుని దిగేవాడు. వారం తిరక్కముందే ఆ గొలుసు బాపు మూసలో కరిగి చెల్లె పుస్తెలయ్యేది, బిడ్డ కమ్మలయ్యేది. అక్కడి ఎండలో మోసిన ఇటుకలన్నీ ఇక్కడ తులాల లెక్కకు వచ్చేవి. బాపు నేల మీద రాలింది అదే బంగారం. ఎవరి గొలుసు రజను ఏదో నేల గుర్తుపెట్టుకోదు.

ఆ మాట చెప్పుకోవాలంటే తరుగు గురించి చెప్పాలి.

తులం బంగారం ఇచ్చి నగ చేయమంటే తులం నగ రాదు. కరిగించేటప్పుడు కొంత, రాసేటప్పుడు కొంత, మెరుగు పెట్టేటప్పుడు కొంత పోతుంది. దానికి లెక్కగట్టి తీసుకునేదే తరుగు. తరుగు ఉన్నచోట అనుమానం ఉంటుంది. తల్లి ముక్కుపుల్ల చేసినా అవుసలోడు అందులోంచి ఇంత గోకకుండా ఉండడన్న మాట మా వైపు నవ్వుకుంటూ అంటారు. బాపు ముందు కూడా అనేవాళ్ళు. బాపు కూడా నవ్వేవాడు. నాకు తొమ్మిదో తరగతిలో ఒక దోస్తు ఈ మాటే అంటే నవ్వు రాలేదు.

నిజం ఏమిటంటే తరుగు అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. మజూరి ఎప్పుడూ తక్కువే. పెళ్ళి ఖర్చులో ఉన్న మనిషి చేతిపనికి రూపాయి ఎక్కువ ఇమ్మంటే గీసిగీసి ఇస్తాడు, తరుగు దగ్గర అంత గట్టిగా ఉండడు. కాబట్టి కూలిలో సగం తరుగు పేరు మీదే వచ్చేది. తరుగుగా పోయినదాంట్లో కొంత దసరాకు ముందు మట్టి కడిగితే తిరిగొచ్చేది. అది అవుసలాయనకు కొంత, ఇంటి ఆడవాళ్ళకు కొంత, మట్టి కడిగేవాళ్ళకు కొంత. ఒక తులం నగ చుట్టూ ఇంతమంది బతికేవాళ్ళు, ఎవరికీ రసీదు లేకుండా.

1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారెట్లకు మించిన నగలు చేయకూడదంది. అప్పుడు మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రి. చేసే పని ఒక్కసారిగా నేరమైపోయింది. దేశమంతటా స్వర్ణకారులు రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1968లో అది పెద్ద చట్టమై 1990 దాకా ఉంది. మా తాత ఆ మొదటి కరువును ఎలా దాటాడో బాపమ్మ చెప్పేది. కుంపటి వెలగని ఆ నెలల్లో ఆమె అటక మీది కాగులు దింపింది. ముందటేళ్ళ బూడిద, దుమ్ము ఇంట్లోనే గాలించింది. ఎన్ని మాసాల బంగారం వచ్చిందో ఆమె చెప్పలేదు. ‘ఆరు నెలల జొన్నలొచ్చినయి’ అనేది. ఆమె తూకం అది.

*

2019 ఎండాకాలంలో బాపు మడిగె ఖాళీ చేశాడు. అప్పటికి 31 ఏళ్ళు. పని తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. అచ్చులో పోసిన నగలు, మిషన్‌లో అల్లిన గొలుసులు పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక మెరుస్తుంటే, మూడు వారాలు ఆగి చేతి నగ చేయించుకునే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. బాపుకు మిగిలింది తెగిన గొలుసులు అతకడం, వదులైన ఉంగరాలు బిగించడం.

మడిగె వదిలేటప్పుడు పనిముట్లతో పాటు నేల కూడా తీసుకుపోవడం అవుసుల రివాజు. ఎంత ఊడ్చినా మట్టి నేల తన వాటా తాగుతూనే ఉంటుంది. రజను అలుకులో దిగుతుంది, పగుళ్ళలో దూరుతుంది, కాళ్ళ కింద నలిగి లోపలికి పోతుంది. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో నగల పనివాళ్ళు నేల ఊడ్పును శుద్ధిచేసే ఫ్యాక్టరీకి పంపిస్తారు. రజనుకు వాళ్ళు పెట్టుకున్న పేరు లెమెల్. ముంబయి జవేరీ బజారులో పొద్దున్నే సందులు ఊడ్చుకునేవాళ్ళను వాళ్ళ చేతిలోని ఘమేలా పేరుతోనే పిలుస్తారు. ఎక్కడైనా సంగతి ఒక్కటే. బంగారం పని జరిగిన చోట నేల ఉత్త నేల కాదు.

బాపు కుంపటి చుట్టూ ఆరడుగులు, ఐదడుగులు గీత గీశాడు. మూడంగుళాల లోతు. ఆ మాట విని ఇంటాయన వచ్చాడు.

‘ఏందయ్యా చారీ, నా మడిగె తవ్వుకపోతున్నవట?’

‘నేల నీదే పటేలా. రజను నాది.’

‘నీదైతే నా నేల మీద ఎందుకు పారేసుకున్నవ్?’

నవ్వులాటలాగే మొదలైంది కానీ సాయంత్రానికి నవ్వు పోయింది. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. భూమి ఆయన పేరు మీద ఉంది. భూమిలో ఉన్నది భూమి గలాయనదే అంటే చాలామంది తలూపుతారు. బాపు వాదనకు కాగితం లేదు, రివాజు ఒక్కటే ఉంది. చివరికి అదే సందులో ఉండే పెద్దమనిషొకాయన తెంపు చేశాడు. మట్టి బాపుది. తవ్విన గుంత పూడ్చి, మడిగె మొత్తానికి సిమెంటు గచ్చు వేయించి ఇచ్చే పూచీ కూడా బాపుదే. ఇంటాయన ఒప్పుకున్నాడు. బాపు వేలి మీద లెక్క వేసుకుని తానూ ఒప్పుకున్నాడు. ఆ గచ్చు తరువాత ఆ నేల మీద ఏది రాలినా దిగదు.

*

మట్టి కడిగేవాళ్ళు భార్యాభర్తలు, సిరిసిల్ల నుంచి వచ్చారు. ఆయన అంతకుముందు సాంచెల మీద పనిచేసినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. గిరాకీ పడిపోయిన రోజుల్లో భార్య పుట్టింటివాళ్ళ పని నేర్చుకున్నాడట. మట్టి కడగడం ఆమె తాతల నాటి పని. ఆయన తెచ్చింది మాత్రం నేను ఎన్నడూ చూడని సామాను.

ఏటవాలుగా పెట్టిన పలక. దానికి అడ్డంగా ఐదు సన్నటి చెక్కపట్టీలు. పలక అడుగున చెక్కకు బదులు బిగించి కట్టిన పాలిస్టర్ గుడ్డ, సిరిసిల్లలో నేసిందే. గుడ్డ కింద రెగ్జిన్‌తో కుట్టిన తిత్తి. ఆ తిత్తిని ఆడించడానికి పాత కుట్టుమిషన్ పెడలు, సాంచె నుంచి విప్పిన బేరింగు. పైన 15 కిలోల నూనె డబ్బా, దాని అడుగున మేకుతో పొడిచిన చిల్లులు: అది జల్లెడ. నీళ్ళు అక్కర్లేదు. పెడలు తొక్కితే తిత్తి ఉఫ్ ఉఫ్ అని గుడ్డలోంచి గాలి వదులుతుంది. ప్రతి ఊపుకు మట్టి కొంచెం లేచి, పట్టీ దాటి కిందికి జారుతుంది. బరువైనది లేవలేక పట్టీ వెనక ఆగిపోతుంది.

‘ఏడ నేర్చినవ్?’ అన్నాడు బాపు.

‘ఫోన్ల జూసిన సేటు. ఎడారిల జేస్తున్రు గిట్ల.’

ఆయన చూసింది ఏ ఎడారినో నాకు తెలీదు కానీ దీని కథ పాతదే. 1892లో పడమటి ఆస్ట్రేలియాలోని కూల్గార్డీలో, మరుసటి ఏడు కాల్గూర్లీలో బంగారం బయటపడినప్పుడు వేలమంది ఉరికారు. బంగారం ఉంది, నీళ్ళు లేవు. తాగడానికే కొనుక్కునే చోట మట్టిని నీళ్ళతో ఎవరు కడుగుతారు? గాలికి ఎదురు నిలబడి ఒక పళ్ళెంలోంచి ఇంకో పళ్ళెంలోకి మట్టి ధారగా పోసేవాళ్ళు. దుమ్ము ఎగిరిపోయేది, బరువైనది కింది పళ్ళెంలో పడేది. తర్వాత తిత్తులు, ఊగే జల్లెడలు కట్టుకున్నారు. మా కల్లాల్లో చేటెత్తి వడ్లు తూర్పారపట్టే మనిషి ఆ ఫొటోలు చూస్తే కొత్తేం కనిపించదు. దుమ్ము కొట్టుకున్న ముఖాలు కూడా ఒకే తీరు.

ఈ పద్ధతికి ఒక్కటే షరతు. మట్టి ఎముకలా ఎండాలి. తడి ఉంటే సన్నటి రజను బంకమట్టికి అతుక్కుని దానితోపాటే కొట్టుకుపోతుంది. అందుకే మే నెల. తవ్వగా పదకొండు సంచులైంది. దాన్ని పరదాల మీద పలుచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టారు. నా పని కాకుల్ని, పిల్లల్ని అదిలించడం. ఎండిన గడ్డల్ని రోకలితో దంచారు. పాత స్పీకరు నుంచి ఊడబీకిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి మట్టి మీద తిప్పితే ఇనుప రజను ముళ్ళపందిలా లేచింది. ఆకురాళ్ళు అరిగిన పొడి అది. 31 ఏళ్ళలో బాపు బంగారాన్నే కాదు, ఆకురాళ్ళను కూడా రాల్చుకున్నాడు.

మూడో రోజు పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా ఆయన తొక్కుతూనే ఉన్నాడు, ఆమె డబ్బాలో మట్టి పోస్తూనే ఉంది. పది పన్నెండు చాటలకు ఒకసారి ఆపి, పట్టీల వెనక నిలిచింది బేసిన్‌లోకి దులిపేవాళ్ళు. దగ్గరికి పోయి చూశాను. నల్లటి పొడి తప్ప ఏమీ లేదు. బంగారం కంటికి కనపడాలని నేను ఎదురుచూస్తున్నానని ఆమెకు అర్థమైంది.

‘కనపడేది మీ అవ్వ ఎప్పుడో ఎత్తుకున్నది బిడ్డా. ఇది కనపడంది.’

కనపడనిదాంతోనే చిక్కు. కొంచెం బరువున్న పలుకైతే గాలికి లేవదు. ఆకురాయి రజనులో చివరి పొడి రేకులా పలుచగా ఉంటుంది. గాలి దాన్ని కూడా లేపేస్తుంది. గాలి గట్టిగా కొడితే బంగారం పోతుంది, మెల్లగా కొడితే మట్టి పోదు. ఆయన పెడలు మీది కాలితో ఆ రెంటి మధ్య దారి వెతుక్కుంటున్నాడు. మధ్యలో ఒకసారి జారిపోయిన మట్టిని పిడికెడు తీసుకుని, నీళ్ళలో గాలించి, గిన్నె వంచి చూసి, తలూపి, తొక్కుడు ఇంకొంచెం నెమ్మది చేశాడు.

పదకొండు సంచులు రెండు తవ్వలైంది. దాన్ని చివరికి నీళ్ళకు అప్పగించాల్సిందే. ఆ పని ఆమెది. ఇనుప బేసిన్ నీళ్ళలో సగం ముంచి, మణికట్టుతో చిన్న సున్నాలు చుడుతూ, అంచు మీదుగా బూడిదరంగు నీళ్ళు వదులుతూ పోయింది. వదిలిన నీళ్ళు నేరుగా నేల మీదికి పోవు, ఏటవాలుగా పరిచిన గొంగడి ముక్క మీదుగా పోతాయి. తప్పించుకున్న పొడి ఉన్నిలో చిక్కుతుంది. రెండు వేల ఏళ్ళ కింద స్ట్రాబో అనే గ్రీకు పండితుడు కొల్చిస్ వైపు కొండవాగుల్లో బంగారాన్ని గొర్రెతోళ్ళతో పడతారని రాశాడు. బంగారు గొర్రెతోలు కథ అలా పుట్టి ఉంటుందన్నాడు. వాళ్ళ వీరులు ఓడలెక్కి వెతికిన వస్తువు మా వైపు కురుమవాడల్లో నేసేవాళ్ళు.

*

ఇక్కడిదాకా దుమ్ము తప్ప ప్రమాదం లేదు. ఆ తర్వాత ఆయన సంచిలోంచి చిన్న సీసా తీశాడు. పాదరసం.

పాదరసం బంగారాన్ని ముట్టుకుంటే వదలదు. నల్లపొడిలో కలిపి రుద్దితే కనపడని రజనంతా దానిలోకి చేరి వెన్నముద్దలా అవుతుంది. గుడ్డలో వేసి పిండి, ముద్దను పొయ్యి మీద కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరికి రంగు ఉండదు, వాసన ఉండదు. ఊపిరిలోంచి నెత్తురులోకి, అక్కణ్ణుంచి నరాల్లోకి పోతుంది. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరే పాదరసంలో పెద్ద వాటా కార్ఖానాలది కాదు, ఇలా చిన్నచిన్న పొయ్యిల మీద బంగారం తీసుకునేవాళ్ళది. పాదరసాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. మన దేశమూ అందులో ఉంది. సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చిన సీసాకు ఆ సంగతి తెలియదు.

ఆయన చేతులు వణుకుతున్నాయని నేను పొద్దున్నే చూశాను. తొక్కి తొక్కి అనుకున్నాను. ఆమె అవ్వతో మెల్లగా అంది, ‘ఆయన పొగ మీదికి వంగుతడక్కా. ఎంతొస్తున్నదో సూడాలె గదా.’

బాపు ఆ మాట విన్నాడు. ‘రసం వద్దు. వెలిగారంతోని దీద్దాం’ అన్నాడు.

వెలిగారం అవుసలాయన ఇంట్లో ఉప్పులాంటిది. అతుకు పెట్టాలన్నా, బంగారం కరిగించాలన్నా అది లేకుండా జరగదు. మూసలో నల్లపొడితోపాటు వెలిగారం వేసి బాగా కాలిస్తే, అది కరిగి మట్టినీ తుప్పునీ గాజులా తనలోకి తీసుకుంటుంది. బంగారం అడుగుకు దిగి గుండుగా చేరుతుంది. ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్ కొండల్లో చిన్న గనులవాళ్ళు పాదరసం ముట్టకుండా ఎన్నో ఏళ్ళుగా ఇలాగే తీస్తున్నారని చాలా తర్వాత చదివాను. బాపు ఏమీ చదవలేదు. తన పనిముట్టుతో తనకు తెలిసిన పని చేస్తానన్నాడు, అంతే.

ఆయన ఒప్పుకోలేదు. అందులో న్యాయం ఉంది. నాలుగు రోజుల కష్టం, సగపాలు. పాదరసమైతే ఎంతొస్తుందో ఆయన చేతికి తెలుసు. వెలిగారంలో గాజు కింద ఎంత ఇరుక్కుపోతుందో ఎవరికి తెలుసు? పైగా మూస అవుసలాయనది, కుంపటి అవుసలాయనది. ఊరంతా అనే మాట ఆయనా వినే ఉంటాడు. అననైతే అనలేదు. సీసా వైపు చూశాడు, మూస వైపు చూశాడు.

బాపు అడిగాడు, ‘ఎంతొస్తదనుకున్నవ్?’

‘ఆరేడు గ్రాములు.’

‘ఆరు కన్న తక్కువొస్తే నీ సగం ఆరు లెక్కనే తీస్కో. ఎక్కువొస్తే ఉన్నదాంట్ల సగం.’

కుంపటి నడివాకిట్లో పెట్టి, అందరూ చూస్తుండగా, ఆ మడిగెలో వాడిన ఊదుగొట్టంతో ఆఖరిసారి బాపు బంగారం కరిగించాడు. మూస చల్లారాక పగలగొట్టాడు. నల్లటి గాజుపెంకు. దాన్ని సుత్తెతో నలిపి వెతికి చిన్న పూసలు రెండు తీశాడు. అడుగున శనగగింజంత గుండు. మూడూ కలిపి తక్కెడలో వేస్తే 7.2 గ్రాములు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఒక్కతే గాజుపెంకు ముక్కలన్నీ ఏరి కొంగులో కట్టుకుంది. ఇంకా ఏమన్నా ఉంటే అది ఆమెది. పరిగెలో పరిగె.

*

ఆ రాత్రి నేను ఫోన్‌లో లెక్కలు వేశాను. పదకొండు సంచులంటే దాదాపు 300 కిలోల మట్టి. టన్నుకు ఇరవై గ్రాములకు పైనే. టన్ను రాతికి ఐదు గ్రాములు పడితే గని తవ్వుతారు. అంటే మా బాపు కూర్చున్న చోటు మంచి గని కన్నా నాలుగు రెట్లు మేలు. ఇంకో లెక్క కూడా వేశాను. అవ్వ రోజూ ఊడ్చింది పోగా నేల దాచుకున్నది 31 ఏళ్ళకు 7.2 గ్రాములు. ఏడాదికి పావు గ్రాము కూడా కాదు. వందలమంది గొలుసులు, పుస్తెలు, కమ్మలు ఆ చేతుల మీదుగా పోయాయి. దొంగ అవునో కాదో ఈ లెక్క తేల్చదు. దొంగతనం చేసేవాడు నేల మీద పారేసుకోడు. కానీ ఎంత జాగ్రత్తగా చేస్తే అంత తక్కువ రాలుతుందో ఇది తేలుస్తుంది. బాపుకు ఈ మాట చెప్తే, ‘ఇంక గా పావు గూడ రాలకుండ జేసేటోడు మా నాయిన’ అన్నాడు.

మరుసటి రోజు జగిత్యాల పోయి టంచ్ పెట్టించాం. మిషన్ 84 చూపించింది. వందలో 84 వంతుల బంగారం, మిగతాది వెండి, రాగి, అతుకుల్లో వాడిన లోహం. అప్పుడు పది గ్రాముల మేలిమి ముప్పై రెండు వేల చుట్టుపక్కల ఉంది. కొనేవాడి కోత పోను పద్దెనిమిది వేల చిల్లర చేతికొచ్చింది. సగం సిరిసిల్లవాళ్ళకు. మిగిలిన తొమ్మిది వేలలో ఆరువేలు ఇంటాయన గచ్చుకు. మూడు వేల రూపాయలు బాపు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. ఆ డబ్బును అతను ముట్టుకోవడం అదే మొదలు. అవ్వ లెక్కపెట్టుకుని, ‘ఊడ్పు పైసలు’ అంది. ఇంకేమీ అనలేదు.

*

బాపు ఇప్పుడు జగిత్యాలలో ఒక పెద్ద నగల దుకాణంలో రిపేర్ల పని చేస్తున్నాడు. అద్దాల గదిలో కూర్చుంటాడు. జీతం నెల తిరగ్గానే వస్తుంది, కుంపటి పొగ లేదు, వానొస్తే ఉరవదు. మంచి పని. నేల మీద నున్నటి రాయి, దాని మీద రబ్బరు చాప. సాయంత్రం చాప దులిపి, బల్ల కింది సొరుగులో పడిన రజనుతో కలిపి, తూకం వేసి, సంచికి సీలు వేస్తారు. గోడకున్న గొట్టం దుమ్మును లోపలికి లాగుతుంది. పోయేముందు చేతులు కడుక్కునే నీళ్ళు కూడా మోరీలోకి పోవు, కింద తొట్టిలో నిలుస్తాయి. రాలింది రాలినట్టు లెక్కలోకి ఎక్కుతుంది. ఇందులో తప్పేముంది? వాళ్ళ బంగారం వాళ్ళు చూసుకుంటున్నారు.

కానీ ఆ మధ్య నా దోస్తు పెళ్ళికి గొలుసు కొన్నప్పుడు బిల్లు చూశాను. వేస్టేజీ 14 శాతం. మిషన్ అల్లిన గొలుసు అది. అల్లిన చోట గాలిని కూడా వడగట్టి ఉంటారు. మరి ఆ 14 శాతం ఏ నేల మీద రాలింది? ఎవరు వంగి ఎత్తుకున్నారు? అందులో కూలి ఉందంటారు, డిజైను ఉందంటారు, ఉండొచ్చు. బాపు తరుగులోనూ కూలి ఉండేది. కాకపోతే బాపు తరుగులో అవ్వ చీపురుంది, సిరిసిల్ల ఆయన పెడలుంది, ఆమె మణికట్టుంది. తరుగు అలాగే ఉంది. పరిగె పోయింది.

పొలాల్లోనూ అంతే కదా. వరద కాలువ కింద వరి కోతలకు మిషన్లు వచ్చాక పరిగె ఏరేవాళ్ళను నేను చూడలేదు. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఏరుకోనివ్వం అని ఏ రైతూ అనలేదు. వంగి ఏరుకునే మనిషికి ఆ పనిలో చోటు లేకుండా పోయింది, అంతే.

2025లో పది గ్రాములు లక్ష దాటిన రోజు సిరిసిల్ల ఆయనకు ఫోన్ చేశాను. ఇంత ధరకు మట్టి కోసం పోటీ పడుతుంటారనుకున్నాను. ‘ధరుంది బిడ్డా, మట్టేది?’ అన్నాడు. ఊర్లన్నిట్లో మడిగెలకు గచ్చులయ్యాయి, టైల్స్ అయ్యాయి. తన సామాను సంగతి అడిగితే పెడలు విప్పి మళ్ళీ కుట్టుమిషన్‌కే పెట్టాడట. బిడ్డ జాకెట్లు కుడుతుందట. సీసా ఏం చేశావని అడగబోయి, చేతులు ఎట్లున్నయి అని అడిగాను. ‘గట్లనే ఉన్నయి’ అన్నాడు.

బాపు ఆదివారాలు ఇప్పటికీ తలస్నానం చేస్తాడు. అవ్వ బేసిన్ పట్టదు. నీళ్ళు నేరుగా వాకిట్లోని మందారచెట్టు మొదట్లోకి పోతాయి. చెట్టు బాగా పూస్తోంది.